డెల్మర్ కొన్న ప్రెస్సు

ప్రెస్సు కొంటానని డెల్మర్ ఫోన్లో చెప్పగానే లైల్ నోట వచ్చిన మొదటి మాట, "ఎందుకురా?"

"ఎందుకేంటి, తూటాలు కట్టుకోడానికి. ఆపిళ్లు పిండుకోడానికా?"

"నేను చచ్చానా? ముప్పై ఏళ్లుగా నీ తూటాలు కడుతున్నదెవరు?"

"నువ్వే," అన్నాడు డెల్మర్. "అందుకే ఏది కొనాలో నువ్వే చెప్పాలి. గురువారం నాడీన్ కొట్టుకి పోదాం. ఒంటికన్నువాణ్ణి ఒక్కణ్ణే పంపిస్తే ఆవిడ కొట్టంతా నాకు అంటగట్టేస్తుంది."

లైల్ ఫోను పెట్టేసి గ్యారేజీలోకి వెళ్లి బల్ల ముందు నిలబడ్డాడు. రైల్వే ఉద్యోగం అయిపోయాక, భార్య ఆర్లీన్ పోయాక, అతనికి మిగిలింది ఆ బల్ల ఒక్కటే. దాని అంచుకి బిగించిన పాత ప్రెస్సు పిడి అరచేతి చెమటకి నల్లబడి నున్నగా అయింది. ఈ లోయలో వేటకి వెళ్లేవాళ్లలో సగం మంది కాల్చిన ఇత్తడి గుల్లలు తెచ్చి ఇక్కడే పోసి వెళ్తారు. లైల్ వాటిని కడిగి, సాగిన గుల్లని ప్రెస్సులో నొక్కి కొలతకి తెచ్చి, అడుగున కొత్త క్యాపు ఎక్కించి, తుపాకి మందు పోసి, మూతిలో గుండు కూర్చి తిరిగి ఇస్తాడు. డబ్బు పుచ్చుకోడు. ఒకరు ఎల్క్ దుప్పి మాంసం సాసేజ్ తెస్తారు, ఒకరు చోక్‌చెర్రీ జామ్ సీసా తెస్తారు, ఒకరు ఓ బండెడు కట్టెలు దింపిపోతారు. 'స్టెన్‌రుడ్ కట్టిన తూటా అబద్ధమాడదు' అని కేఫ్‌లో ఓ మాట ఉంది. లైల్ స్టెన్‌రుడ్ పొద్దున్నే లేచి గడ్డం గీసుకోవడానికి ఆ మాటే కారణం.

సొరుగులో నోటుపుస్తకం ఉంది. కట్టిన ప్రతి విడతకీ ఒక వరస: తేదీ, మందు పేరు, ఎన్ని తూటాలు, ఎవరికి. వరస చివర ఒక టిక్కు. పని అయ్యాక కొలత గొట్టంలో మిగిలిన మందుని దాని డబ్బాలోకే తిరిగి పోశాకే ఆ టిక్కు పెట్టాలి. మందులన్నీ నల్లగానే ఉంటాయి, ఒకదాన్ని చూసి ఇంకోటి అనుకోవడం క్షణంలో పని. పోయిన ఏడాది అక్టోబరు ఇరవై ఆరున పిస్టల్ తూటాలు కట్టిన వరస చివర టిక్కు లేదు. ఆ సాయంత్రం పొరుగాయన ఆవులు కంచె తెంచుకుని హైవే మీద పడితే, ఫోన్లో ఆయన పెట్టిన కేకలకి లైల్ పని మధ్యలోనే లేచి పరిగెత్తాడు. మర్నాడు అదే గొట్టంలో పైనుంచి రైఫిల్ మందు పోశాడు. ఆ మర్నాటి వరసలో పేరు డెల్మర్, తూటాలు ఇరవై. పిస్టల్ మందు ఒక్కసారే గుప్పున మండేస్తుంది, రైఫిల్ గుల్లలో అది పడితే తుపాకి ఇనుము ఆగదు. ఏ గుల్లలో ఎంత పడిందో దేవుడికెరుక.

ఆ పేజీ చింపడానికి అతనికి చెయ్యి రాలేదు. టిక్కు పెట్టడానికీ రాలేదు.

పోయిన నవంబరులో కొండ మీద డెల్మర్ జింకకి గురిపెట్టి కాల్చినప్పుడు రైఫిల్ అతని ముఖం పక్కనే పేలింది. కుడి కన్ను పోయింది, ఎడమ చేతికి రెండు వేళ్లు పోయాయి. ముందుగా అతని దగ్గరికి పరిగెత్తిన తోటి వేటగాడు హబ్, తుపాకి గొట్టం మూతిలో మంచు కూరుకుపోయి పేలిందని ఆ సాయంత్రమే కేఫ్‌లో తీర్పు చెప్పేశాడు. మంచులో తిరిగేటప్పుడు గొట్టం మూతికి నల్ల టేపు ముక్క అంటించుకోవాలి. కాలిస్తే గుండు కంటే ముందు వచ్చే గాలికే అది చిరిగిపోతుంది, గురి చెడదు. ఈ లోయలో పదేళ్ల పిల్లకి కూడా తెలిసిన సంగతి. డెల్మర్ టేపు మర్చిపోయాడన్నారు. రైఫిల్ తెచ్చి చూపించమంటే పారేశానన్నాడు, సిగ్గుపడి పారేశాడనుకున్నారు. అప్పట్నించీ అతను కేఫ్‌లో కూర్చుంటే ఎవడో ఒకడు అతని కాఫీలో ఐసు ముక్క వేయిస్తాడు. డెల్మర్ దాన్ని చెంచాతో తీసి సాసర్లో పెట్టి, కాఫీ తాగి, లేచి వెళ్లిపోతాడు. లైల్ కూడా ఒకట్రెండుసార్లు నవ్వాడు. నవ్వకపోతే ఎందుకు నవ్వలేదంటారని భయం.

బుధవారం అతను టేపుకొలత జేబులో వేసుకుని డెల్మర్ ఇంటికి వెళ్లాడు. వెనక గదిలో, బూట్లూ కోట్లూ ఉండే చోట, కిటికీ కింద ఒక బల్ల ఖాళీ చేసి ఉంచారు. లైల్ దాని మందం కొలిచాడు, కాళ్లు ఊపి చూశాడు.

"గట్టిదే. గోడకి మాత్రం రెండు చెక్క బద్దలు కొట్టాలి, పిడి లాగినప్పుడు ఊగకుండా," అన్నాడు.

డెల్మర్ భార్య రోవీనా కాఫీ, రుబార్బ్ కేకు ముక్కలు తెచ్చింది. "అన్నయ్యా, నువ్వైనా చెప్పు ఈయనకి. మూడు వేళ్ల చేత్తో ఇదంతా ఇప్పుడు అవసరమా? నువ్వున్నావు కదా."

"అదే చెప్తున్నానమ్మా."

"నువ్వు ఎల్లకాలం ఉంటావేంట్రా? అరవై రెండొచ్చాయి," అన్నాడు డెల్మర్.

"పోనీ ఈ వేట సీజనుకి తొందరేం లేదు," అంది రోవీనా. "ఆయన ఎటూ వెళ్లడం లేదు. శనివారం అమ్మాయి ఒక్కతే వెళ్తుంది. దానికి తూటాలున్నాయి. పోయినేడాది నువ్విచ్చిన డబ్బా అలాగే ఉంది, ఆ పై అల్మారాలో."

లైల్ చేతిలోని రుబార్బ్ ముక్క నోటిదాకా వెళ్లలేదు. ఆ డబ్బా పోయిందనే ఇన్నాళ్లూ అనుకున్నాడు. ఆసుపత్రి గొడవలో ఎక్కడో పడిపోయి ఉంటుందని, పడిపోతే బాగుండునని, పడిపోయిందని, అలా మెల్లిగా నమ్మేశాడు.

"అవా? పాతవమ్మా అవి," అన్నాడు. "నేను కొత్తవి కట్టి ఇస్తాను. అవి ఇటిచ్చెయ్యండి."

"పాతేముంది? తూటా ఏమైనా రొట్టా, బూజు పట్టడానికి?" అన్నాడు డెల్మర్. ఉన్న ఒక్క కంటితో అతన్నే చూస్తున్నాడు. "నువ్వు కట్టినవేగా. వాటికేం లోటు?"

"లోటేం లేదు."

"మరింకేం."

అప్పుడే కూతురు బ్రిట్టా పని నుంచి వచ్చింది. ధాన్యం గిడ్డంగిలో లారీలు తూచే ఉద్యోగం, జుట్టు నిండా గోధుమ దుమ్ము. ఇరవై మూడేళ్లు. "మావయ్యా, శనివారం నాకు పెద్ద కొమ్ములది పడితే నీకో తొడ," అంది బూట్లు విప్పుతూ. లైల్ తల ఊపాడు. ఇంటికి వెళ్లేదారిలో బండి రెండుసార్లు పక్కకి ఆపాడు, తిరిగి వెళ్లి చెప్పేద్దామని. రెండుసార్లూ మళ్లీ ఇంటివైపే నడిపాడు. చెప్తే ఆ బల్ల ఉండదు. చెప్పకపోతే ఆ పిల్ల ముఖం ఉండదు. మూడో దారి ఉందని అతనికి అనిపించింది, దొంగదారులు ఎప్పుడూ మూడోవే.

గురువారం నాడీన్ వేటసామాను కొట్టు కిటకిటలాడుతోంది. సీజనుకి రెండు రోజులే ఉంది. నాడీన్‌కి డెబ్బై దాటాయి, మొగుడు పోయాక కొట్టు తనే నడుపుతోంది. వెనక బల్ల మీద మూడు ప్రెస్సులు వరసగా బిగించి ఉన్నాయి.

"ఇదిగో, ఇది రాజా," అంది నీలం రంగు పెద్ద యంత్రం మీద చెయ్యి వేసి. "ఒక్కసారి పిడి లాగితే ఐదు పనులు. గుల్ల నొక్కుతుంది, క్యాపు ఎక్కిస్తుంది, మందు పోస్తుంది, గుండు కూరుస్తుంది, పక్క గిన్నెలో పడేస్తుంది. గంటకి మూడొందలు. నీలాంటి మూడు వేళ్లవాడికి దీన్ని మించింది లేదయ్యా."

"మధ్యలో మందు పడిందో లేదో ఎవరు చూస్తారు?"

"దానికీ ఒకటుంది, గంట మోగుతుంది."

"మోగకపోతే?"

"మోగకపోతే ఇదిగో, రెండోది." తల తిరిగే ప్రెస్సు చూపించింది. అచ్చులన్నీ పైన గుండ్రంగా ఉన్నాయి, చేత్తో తిప్పుకుంటూ పోవాలి. డెల్మర్ దాన్ని ఒకసారి తిప్పి వదిలేశాడు. మూడోది చిన్నది, ఎర్రది, పోత ఇనుము. ఒక అచ్చు, ఒక పిడి. ఒకసారికి ఒకే పని. పిడి కిందికి నొక్కి, పైకి ఎత్తి, మళ్లీ నొక్కాడు డెల్మర్. ముందు కుడి చేత్తో, తర్వాత ఆ మూడు వేళ్ల చేత్తో.

"అది చాలా మెల్లిగా నడుస్తుందిరా," అన్నాడు లైల్. "నీ ఓపిక చచ్చిపోద్ది. పెద్దది తీసుకో. బిగించడం కష్టం గానీ నేనొస్తా, రోజూ వచ్చి చూసిపెడతా." రోజూ ఆ ఇంట్లో అడుగుపెట్టే పని ఉంటే ఆ అల్మారా తెరవడం ఎంతసేపు అని లోపల లెక్క నడుస్తోంది.

"మందు కంటికి కనిపించేది దేంట్లో?" అని డెల్మర్ నాడీన్‌నే అడిగాడు.

"ఈ చిన్నదాంట్లోనే. యాభై గుల్లలు చెక్కలో నిలబెట్టి, అన్నిట్లో మందు పోసి, టార్చిలైటుతో ఒక్కోదాంట్లోకి తొంగిచూడొచ్చు. ఎక్కువా తక్కువా తెలిసిపోద్ది."

"ఏ మందో తెలుస్తుందా?"

నాడీన్ అతన్ని వింతగా చూసింది. "అది ఏ ప్రెస్సూ చెప్పదయ్యా. అది పోసినోడు చెప్పాలి."

"అంతే కదూ," అన్నాడు డెల్మర్.

లైల్ పక్క అరలోని గుండ్ల పెట్టె తీసి దాని మీది అక్షరాలు చదవడం మొదలుపెట్టాడు. గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఉంటుందని తనకి తెలుసు, అయినా తల ఎత్తలేకపోయాడు. ఆ సమయానికి హబ్ వచ్చి డెల్మర్ వీపు మీద చరిచాడు.

"ఏంటీ, ప్రెస్సా! నాడీన్, వీడికి ప్రెస్సుతో పాటు ఓ టేపు చుట్ట కూడా కట్టి ఇవ్వు. ఫ్రీగా!"

కొట్లో నలుగురైదుగురు నవ్వారు. డెల్మర్ హబ్ వైపు తిరగలేదు. లైల్ వైపు తిరిగాడు. ఏదో వినబోతున్నవాడిలా తల కొంచెం వంచి అలాగే నిలబడ్డాడు. లైల్ పెట్టె తిప్పి రెండో వైపు కూడా చదివాడు.

"ఈ ఎర్రది ఇవ్వు నాడీన్," అన్నాడు డెల్మర్ చివరికి. "దీంట్లో ప్రతిదీ నా చేతిలోంచే పోతుంది. తప్పు జరిగితే ఎవరిదో వెతుక్కోనక్కర్లేదు."

శుక్రవారం మధ్యాహ్నం లైల్ డ్రిల్లు పట్టుకుని వచ్చాడు. గోడకి బద్దలు కొట్టాడు, బల్లకి మూడు బెజ్జాలు వేశాడు. చెక్క పొట్టు నోటితో ఊదాడు. డెల్మర్ ప్రెస్సుని మోసుకొచ్చి బెజ్జాల మీద కూర్చోబెట్టి రెండు చేతులతో అదిమి పట్టుకున్నాడు.

"బోల్టులేవి?"

"పై అల్మారాలో ఉన్నాయి, సీసాలో. నువ్వే తీసుకో. నేను ఫోను చేసుకుని వస్తా," అని డెల్మర్ వంటింట్లోకి వెళ్లాడు. రోవీనా ఊళ్లోకి పోయింది. బ్రిట్టా పనిలో ఉంది.

అల్మారాలో బోల్టుల సీసా పక్కనే ఆ ప్లాస్టిక్ డబ్బా ఉంది. మూత మీద తన చేతిరాతే, డెల్మర్ పేరు, తేదీ. లైల్ దాన్ని కోటు లోపలి జేబులోకి తోసేశాడు. అదే జేబులోంచి ఇంకో డబ్బా తీసి ఆ చోట పెట్టాడు. బుధవారం ఇంటికి రాగానే కట్టినవి, ఒక్కోటీ రెండేసిసార్లు తూచి కట్టినవి, మూత మీద అదే పేరు, అదే పాత తేదీ. వంటింట్లోంచి ఫోను మాటలు ఏమీ వినబడటం లేదని అతనికి ఆ క్షణాన తట్టలేదు.

డెల్మర్ వచ్చాక బోల్టులు బిగించారు. లైల్ ఒక గుల్లని నొక్కి చూపించాడు. డెల్మర్ పది నొక్కాడు. పదో దానికి చెయ్యి కుదిరింది.

"ఇంకేమైనా ఉందా?" అని అడిగాడు. "నేర్పాల్సింది, చెప్పాల్సింది. మర్చిపోయావేమో చూసుకో."

"పని అయ్యాక గొట్టం ఖాళీ చెయ్యి. ఏ డబ్బాలోది ఆ డబ్బాలోకే."

"చెయ్యకపోతే?"

"చెయ్యాలి. అంతే."

డెల్మర్ ప్రెస్సు మీది చెక్క పొట్టుని బ్రష్షుతో తుడిచాడు. "సరే. చీకటి పడేలోపు ఇల్లు చేరు," అన్నాడు.

గ్యారేజీలో లైట్ వేసి, కోటు కూడా విప్పకుండా లైల్ డబ్బా బల్ల మీద పెట్టాడు. లోపల ఓ సంతోషం ఉంది. పని అయిపోయింది. ఆ పిల్లకి ఏమీ కాదు. ఎవరికీ తెలియదు. పైకప్పు కేసి చూసి థాంక్స్ కూడా చెప్పుకున్నాడు. మూత తీశాడు. ఇరవై గదులు, పద్నాలుగు తూటాలు. మొదటిది చేతిలోకి తీసుకోగానే అనుమానం వచ్చింది. తేలిగ్గా ఉంది. చెవి దగ్గర పెట్టి ఆడించాడు. మందు గింజలు లోపల సన్నగా గలగలమనాలి. ఏమీ లేదు. రెండోది. మూడోది. గుండు పట్టుకుని వేళ్లతో లాగితే ఊడి వచ్చింది. గుల్ల ఖాళీ.

పద్నాలుగూ ఖాళీయే. ఎవరో ఒక్కోటీ ఊడదీసి, మందు పారబోసి, గుండు మళ్లీ మూతిలో నిలబెట్టి, వరస చెడకుండా సర్దారు. మూడు వేళ్ల చేత్తో అయితే ఒక్కోదానికీ ఎంతసేపు పట్టి ఉంటుందో లైల్‌కి తెలుసు.

ఆఖరి గదిలో నల్లగా ఏదో ఉంది. గోటితో తీశాడు. టేపు. రైఫిల్ గొట్టం మూతి అంత ఉంగరంలా గట్టిపడిపోయింది, మధ్యలో గుండు దూసుకుపోయిన చోట అంచులు చిరిగి, మాడి ఉన్నాయి.

లైల్ స్టూలు మీద కూర్చుండిపోయాడు. డెల్మర్ టేపు మర్చిపోలేదు. గొట్టంలో మంచు లేదు. ఆ సంగతి అందరికంటే ముందు, కొండ మీద రక్తం కారుతుండగానే డెల్మర్‌కి తెలుసు. రైఫిల్ పారేసింది సిగ్గుతో కాదు, ఎవరూ చూడకుండా. పదకొండు నెలలు ఐసు ముక్కలు ఏరుకుంటూ కాఫీ తాగాడు. ఈ నాలుగు రోజులూ ప్రెస్సు పేరు చెప్పి ఎదురుగా నిలబెట్టి, ఎన్నిసార్లు దారి వదిలాడు. తను మాత్రం ఏ దారీ పట్టకుండా డబ్బా ఎత్తుకొచ్చాడు, ఖాళీ డబ్బా. లైల్ ఏడ్చాడు. చాలాసేపు, సిగ్గులేకుండా, ఆర్లీన్ పోయిన రోజు కూడా అంత ఏడవలేదు.

సీజను తెరిచే రోజు తెల్లవారుజామున నాలుగున్నరకి లూథరన్ చర్చి కింది హాల్లో వేటగాళ్లందరికీ పాన్‌కేకులు పెడతారు. ముప్పై నలభై మంది, అందరి ఒంటి మీదా అడవిలో ఒకరికొకరు కనబడేందుకు వేసుకునే నారింజ రంగు చొక్కాలు. చర్చి ఆడవాళ్లు పెనాల దగ్గర ఉన్నారు. డెల్మర్, రోవీనా, బ్రిట్టా మధ్య బల్ల దగ్గర కూర్చున్నారు. లైల్ వచ్చి వాళ్లకి ఎదురుగా కూర్చున్నాడు కానీ ప్లేటు తీసుకోలేదు.

హబ్ ఆరెంజ్ జ్యూస్ జగ్గులోంచి ఐసు ముక్క ఒకటి పట్టుకారుతో తీసి, అందరికీ చూపించి, డెల్మర్ కాఫీలో వేశాడు. హాలు ఘొల్లుమంది. డెల్మర్ చెంచా అందుకోబోయాడు.

లైల్ చెయ్యి చాచి ఆ చెంచా తీసుకున్నాడు. ఐసు ముక్కని తీసి తన ముందు పెట్టుకున్నాడు. తర్వాత లేచి నిలబడ్డాడు.

"హబ్, కూర్చో," అన్నాడు. "వాడి గొట్టంలో మంచు లేదు. టేపు ఉంది. ఇదిగో." నల్ల ఉంగరాన్ని బల్ల మీద పెట్టాడు. "పిస్టల్ మందు కొలత గొట్టంలో వదిలేశాను. మర్నాడు దాని మీదే రైఫిల్ మందు పోశాను. వాడి తూటా కట్టింది నేను. వాడి కన్ను తీసింది నేను. నాకు ఆ వారమే తెలుసు."

హబ్ ఆ టేపు ముక్కని చేతిలోకి తీసుకుని, వేలు దూర్చి, మాడిన అంచు చూశాడు. డెల్మర్ వైపు చూడలేక కింద పెట్టేశాడు.

"ఆ ఒక్క విడతేనా?" అని చివరి బల్ల నుంచి ఎవరో అడిగారు.

"ఆ ఒక్కటే. పుస్తకంలో మిగతా అన్నిటికీ టిక్కు ఉంది," అన్నాడు లైల్.

హబ్ మెల్లిగా చొక్కా జేబులో చెయ్యి పెట్టాడు. లైల్ కట్టిచ్చిన ఐదు తూటాలు తీసి, సిరప్ సీసా పక్కన ఒక్కోటీ పడుకోబెట్టాడు. పక్కవాడు డబ్బా తీశాడు. వెనక బల్ల నుంచి ఒకాయన లేచి వచ్చి, రెండు డబ్బాలు పెట్టి, లైల్ భుజం తాకబోయి మానుకుని వెళ్లిపోయాడు. ఒక్కరైనా తిట్టి ఉంటే బాగుండేది. వరసగా వచ్చారు, పెట్టారు, వెళ్లారు. ముప్పై ఏళ్ల చేతిపని పాన్‌కేకు ప్లేట్ల మధ్య కుప్ప పడింది.

రోవీనా మొగుడి వైపు తిరిగింది. ఆమెకి ఇది ఇప్పుడే తెలిసిందని ఆమె ముఖమే చెబుతోంది. "మీకు తెలుసా?" అంది. డెల్మర్ కాఫీ కప్పు దగ్గరికి లాక్కున్నాడు. ఆమె లేచి పెనాల దగ్గరికి వెళ్లిపోయింది. లైల్‌ని అన్నయ్యా అని పిలవలేదు, ఆ తర్వాత ఎప్పుడూ పిలవలేదు.

"అల్మారాలో పెట్టినవి మంచివే," అన్నాడు లైల్ డెల్మర్‌తో. "బ్రిట్టా కోసం. రెండేసిసార్లు తూచాను."

"చూశాను. బాగానే కట్టావు." డెల్మర్ కోటు జేబులోంచి ఆ డబ్బా తీసి కుప్ప మీద పెట్టాడు. "పిల్లకి నేను రాత్రి ఆరు కట్టాను."

"ఒకసారి చూడనా? క్యాపు సరిగ్గా కూర్చుందో లేదో."

డెల్మర్ తల అడ్డంగా ఊపాడు. "ఒకడు కట్టింది ఇంకొకడు ముట్టుకోకూడదురా. నాకు బుద్ధి లేక, అది తెలియడానికి ముప్పై ఏళ్లు పట్టింది."

చర్చి ఆడవాళ్లలో ఒకామె పాన్‌కేకు పిండి వచ్చిన అట్టపెట్టె తెచ్చి ఏమీ అనకుండా బల్ల పక్కన పెట్టి వెళ్లింది. లైల్ డబ్బాలన్నీ అందులో సర్దాడు. విడి తూటాలు ఏరి పైన పోశాడు. బయట ట్రక్కులు ఒక్కొక్కటే స్టార్ట్ అవుతున్నాయి. ఎత్తబోతే పెట్టె అడుగు ఊడిపోయేలా ఉంది. చుట్టూ అంతమంది ఉన్నారు, ఎవరూ చెయ్యి వేయలేదు.

డెల్మర్ కాఫీ పూర్తి చేసి లేచాడు. మూడు వేళ్ల చెయ్యి పెట్టె కిందికి పోనిచ్చి ఒక అంచు పట్టుకున్నాడు.

"మెట్ల దాకా పట్టుకుంటా," అన్నాడు. "ఆపైన నీదే."